అంచు, అక్షరం, బరువు: ఫ్రెంచి వెండి నాణేల గుర్తింపులో చారిత్రక సాక్ష్యాలు

ప్రవేశిక

శాసన పరిశోధకుడు ఒక శిలాశాసనాన్ని చేతికి తీసుకున్నప్పుడు మొదట చూసేది రాజు పేరు కాదు. లిపి ఏ శతాబ్దానిది, శకవర్షం వారానికీ తిథికీ కుదురుతున్నదా, రాయి మొదటి నుంచి అక్కడిదేనా అన్న ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతనే అతడు ప్రశస్తి వద్దకు వస్తాడు. ప్రశస్తి ఎంత ఘనంగా ఉన్నా దానిని స్వతంత్ర సాక్ష్యంగా అంగీకరించడు. నాణేల విషయంలో మాత్రం ఈ జాగ్రత్త తరచుగా లోపిస్తున్నది. బొమ్మను చూసి కాలాన్ని, పాలకుణ్ణి నిర్ణయించి, మిగిలిన వివరాలను అలంకారాలుగా వదిలివేయడం పరిపాటి.

ఫ్రెంచి వెండి నాణేలు ఈ పద్ధతిలోని లోపాన్ని స్పష్టంగా చూపిస్తాయి. ఒకే బొమ్మ నూట ఎనభై ఏళ్ల వ్యవధిలో నాలుగు గణతంత్రాల నాణేలపై కనిపించింది. ఒకే నాణెంపై ఒకవైపు చక్రవర్తి, మరొకవైపు గణతంత్రం ఉన్న సంవత్సరాలున్నాయి. ఒక ప్రభుత్వం తన ఉనికికి గుర్తుగా ఆవగింజంత చిహ్నాన్ని మాత్రమే వదిలిపోయింది. కాబట్టి ఈ నాణేల గుర్తింపులో బొమ్మ కన్నా తేదీ, టంకశాల అక్షరం, అధికారుల చిహ్నాలు, అంచుపై రాత, బరువు అనే ఐదు సాక్ష్యాలకే ప్రాధాన్యం ఇవ్వాలని, వాటి పరస్పర అంగీకారమే ప్రమాణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. రాచరిక కాలపు ఎక్యూ నుంచి 1970ల చివరి చెలామణి వెండి వరకు ఇందులో పరిధి.

1. రాచరికపు ఎక్యూ: అక్షరం, చుక్క, ఆవు

ఫ్రాన్సులో పెద్ద వెండి నాణెం ‘ఎక్యూ’. 1641లో పదమూడవ లూయీ పాలనలో, ముద్రాశిల్పి జాఁ వారాఁ చెక్కిన అచ్చులతో ఇది స్థిరరూపం పొందింది. అప్పటి బరువు సుమారు 27.45 గ్రాములు. తరువాతి కాలంలో పలుమార్లు మారి, 1726 నాటి సంస్కరణతో 29.488 గ్రాముల వద్ద నిలిచింది. ఆరు లీవ్రుల విలువగల ఈ నాణెం పదిహేనవ, పదహారవ లూయీల కాలమంతటా అదే బరువుతో సాగింది. వెండి వన్నెను ఆనాడు పన్నెండు ‘దెనియే’ల కొలతతో చెప్పేవారు. ఎక్యూది పదకొండు దెనియేలు, అంటే పన్నెండింట పదకొండు వంతుల వెండి. నేటి లెక్కలో ఇది వెయ్యికి 917. ఈస్టిండియా కంపెనీ 1835లో దేశమంతటికీ ఏకరీతిగా నిర్ణయించిన రూపాయి వన్నె కూడా ఇదే కావడం పోలికకు ఉపకరిస్తుంది.

ఎక్యూ బొమ్మవైపు రాజు ముఖం, లాటిను బిరుదాలు ఉంటాయి. ఆ బిరుదాలలో ‘ఫ్రాన్సు, నవార్రల రాజు’ అన్న మాట ప్రధానం. బొరుసువైపు రాజచిహ్నం, ‘ప్రభువు నామం ధన్యమగు గాక’ అన్న అర్థమిచ్చే లాటిను వాక్యం, తేదీ ఉంటాయి. ఇవన్నీ రాజ్యమంతటా ఒకటే. ఒక నాణెం ఏ ఊరిలో తయారైందో తెలిపేది టంకశాల అక్షరం. ఈ పద్ధతిని 1540 జనవరిలో మొదటి ఫ్రాన్సువా ప్రవేశపెట్టాడు. పారిస్‌కు ‘ఏ’, రువాఁకు ‘బి’, లియోఁకు ‘డి’, బోర్దోకు ‘కే’, బయోన్‌కు ‘ఎల్’, తులూజ్‌కు ‘ఎం’, లీల్‌కు ‘డబ్ల్యూ’, స్ట్రాస్‌బూర్‌కు జంట ‘బి’, మెట్స్‌కు జంట ‘ఏ’ గుర్తులు. అంతకు ముందు, 1389 నుంచి, రహస్య బిందువుల పద్ధతి ఉండేది. లేఖనంలో ఎన్నో అక్షరం కింద చుక్క ఉన్నదో లెక్కించి టంకశాలను తెలుసుకొనేవారు. ఈ చుక్కను అరుగుదలగానో అచ్చు లోపంగానో భావిస్తే నాణెపు చిరునామాయే పోతుంది.

పో నగరపు టంకశాల ఈ పద్ధతికి ఒక మినహాయింపు. అది బెయార్న్ ప్రాంతపు ముఖ్యపట్టణం. అక్కడి నాణేలపై అక్షరానికి బదులు చిన్న ఆవు బొమ్మ ఉంటుంది. రాజ బిరుదాల చివర బెయార్న్ ప్రభువన్న అర్థంలో రెండక్షరాలు అదనంగా చేరుతాయి. కేంద్రీకృతమైన రాచరికంలో కూడా ఒక ప్రాంతం తన ప్రత్యేక హక్కును నాణెంపై నిలుపుకొన్నదనడానికి ఇది నిదర్శనం. ఆవు ఉండి ఆ రెండక్షరాలు లేని నాణెం ఎదురైతే అనుమానించడం న్యాయం. పదహారవ లూయీ నాణేలలో మరొక సూక్ష్మత ఉన్నది. రాజు పేరులోని ‘డి’ అక్షరం కింద చుక్క ఉంటే ఆ నాణెం సంవత్సరపు రెండవ అర్ధభాగంలో ముద్రితమైనదని అర్థం.

1791లో రాజ్యాంగం వచ్చిన తరువాత రాజు బొమ్మ మిగిలింది, కాని చుట్టూ ఉన్న భాష మారింది. బొరుసువైపు ఓగ్యుస్తాఁ ద్యుప్రే చెక్కిన రెక్కల దేవదూత పలకపై రాజ్యాంగాన్ని లిఖిస్తుంటాడు. చుట్టూ ‘చట్టపు పాలన’ అన్న మాట. లాటిను స్థానంలో ఫ్రెంచి వచ్చింది. అంతకు ముందు అంచుపై ‘ప్రభూ, రాజును రక్షించు’ అని లాటినులో ఉండేది. ఇప్పుడు అక్కడ ‘జాతి, చట్టం, రాజు’ అని ఫ్రెంచిలో వచ్చింది. ముగ్గురిలో రాజు స్థానం చివరిది. ముఖాన్ని మాత్రమే చూసినవారికి ఈ మార్పు కనిపించదు.

2. గణతంత్ర కాలమానం, జెర్మినాల్ ఫ్రాంకు

1795 నాటి చట్టం ఫ్రాంకును ద్రవ్యమానంగా నిర్ణయించి దశాంశ పద్ధతిని నాణేలకు అన్వయించింది. దానిని సుస్థిరం చేసినది గణతంత్ర 11వ సంవత్సరం జెర్మినాల్ 7వ తేదీన, అంటే 1803 మార్చి 28న, వెలువడిన చట్టం. దాని ప్రకారం ఒక ఫ్రాంకు అంటే 5 గ్రాముల బరువు, వెయ్యికి 900 వన్నె గల వెండి. ఐదు ఫ్రాంకుల నాణెం 25 గ్రాములు, 37 మిల్లీమీటర్ల వ్యాసం. రెండు ఫ్రాంకులు 10 గ్రాములు, అర ఫ్రాంకు రెండున్నర గ్రాములు. నలభై ఐదు ఫ్రాంకుల నాణేలు సరిగ్గా ఒక కిలోగ్రాము తూగుతాయి. కొత్త తూనికలను ప్రజలకు అలవాటు చేయడంలో నాణెమే తూకపురాయిగా పనిచేయగలదన్న ఆలోచన ఈ నిర్మాణంలో ఉన్నది. పరిశోధకుడికి ఇది ఒక సాధనం కూడా: అరిగిన నాణెం కొంత తక్కువ తూగవచ్చు, కాని 25 గ్రాములకు స్పష్టంగా మించిన ఐదు ఫ్రాంకుల నాణెం ఉండదు.

పాత ఎక్యూలు వెంటనే మాయం కాలేదు. 1810లో ఆరు లీవ్రుల ఎక్యూకు 5 ఫ్రాంకుల 80 సెంటీముల విలువ కట్టారు. 1834లో వాటి చెలామణి ముగిసింది. కాబట్టి ఒక నిక్షేపంలో ఎక్యూలు, ఫ్రాంకులు కలిసి దొరికితే దానిని రెండు వేర్వేరు కాలాల కలయికగా భావించవలసిన అవసరం లేదు.

తేదీల విషయం మరింత జాగ్రత్తను కోరుతుంది. గణతంత్ర పంచాంగం అమలులో ఉన్నంతకాలం నాణేలపై ‘4వ ఏడు’, ‘11వ ఏడు’ అన్న తేదీలే ఉంటాయి. శాలివాహన శకాన్ని, హిజరీని, ఫసలీని క్రీస్తుశకానికి మార్చుకొనే మనకు ఇది కొత్త కాదు. గణతంత్ర సంవత్సరం సెప్టెంబరులో మొదలవుతుంది కనుక ప్రతి ఏడూ రెండు క్రీస్తుశక సంవత్సరాలను తాకుతుంది. ఈ పంచాంగం 1806 జనవరి 1న రద్దయింది. అందువల్ల 14వ ఏడు 1805 సెప్టెంబరు 23 నుంచి డిసెంబరు 31 వరకు, వంద రోజులు మాత్రమే సాగింది. ఆ తేదీ గల నాణేల ముద్రణను అంత ఖచ్చితంగా కాలంలో ఇమడ్చగలగడం అరుదైన సౌకర్యం.

నెపోలియన్ నాణేలలో లేఖనం చరిత్ర కన్నా వెనుకబడి నడిచింది. మొదట ‘బోనపార్త్, ప్రథమ కాన్సల్’ అన్న బిరుదం, బొరుసువైపు ‘ఫ్రెంచి గణతంత్రం’. 1804లో అతడు చక్రవర్తి అయ్యాడు. బొమ్మవైపు బిరుదం మారింది, బొరుసువైపు గణతంత్రం అలాగే ఉన్నది. 1808 తేదీ వరకు ఈ రెండు మాటలూ ఒకే నాణెంపై కొనసాగాయి. 1809 తేదీతోనే ‘ఫ్రెంచి సామ్రాజ్యం’ అన్న మాట వస్తుంది. ఈ వైరుధ్యాన్ని చూసి నాణెం నకిలీదని తలచడం పొరపాటు. 1806 తేదీ ఉండి ‘సామ్రాజ్యం’ అన్న మాట గల నాణెమే నిజానికి అనుమానాస్పదం. సామ్రాజ్య విస్తరణను టంకశాల గుర్తులు నమోదు చేశాయి: తురినోకు ‘యు’, రోముకు కిరీటం ధరించిన ‘ఆర్’. ఇటలీ నగరాలు ఫ్రెంచి జిల్లాలుగా మారిన సంగతికి ఇవి లోహసాక్ష్యాలు.

తరువాత వచ్చిన రాజులు బొమ్మను, బిరుదాన్ని మార్చారు. జెర్మినాల్ బరువును, వన్నెను ఎవరూ మార్చలేదు. అంచు మాత్రం ఎప్పటికప్పుడు ప్రభుత్వం పక్షాన మాట్లాడింది. నెపోలియన్ కాలంలో ‘దైవం ఫ్రాన్సును రక్షించుగాక’. రాచరికం తిరిగి రాగానే ‘ప్రభూ, రాజును రక్షించు’ అన్న పాత లాటిను ప్రార్థన. 1830–31 ప్రాంతంలో అంచు రాత లోతుగా చెక్కిన స్థితి నుంచి ఉబ్బెత్తు స్థితికి మారింది. లూయీ ఫిలిప్ తొలి ఐదు ఫ్రాంకుల నాణేలలో రెండు రకాలూ దొరుకుతాయి. సంగ్రాహకులు వీటిని వేర్వేరు రకాలుగా పరిగణిస్తారు.

3. హెర్క్యులిస్ నాణెం: ఒకే బొమ్మ, వేర్వేరు ప్రభుత్వాలు

బొమ్మను నమ్మరాదనడానికి ద్యుప్రే చెక్కిన హెర్క్యులిస్ నాణెం కన్నా మంచి ఉదాహరణ లేదు. మధ్యలో సింహచర్మం ధరించిన హెర్క్యులిస్; ఒకవైపు శూలంపై టోపీ నిలిపిన స్వేచ్ఛ, మరొకవైపు మట్టం చూసే సాధనం పట్టిన సమానత. హెర్క్యులిస్ ప్రజాబలానికి ప్రతీక. గణతంత్ర 4వ ఏడు నుంచి 11వ ఏడు వరకు వచ్చిన ఐదు ఫ్రాంకుల నాణేలపై ‘ఐక్యత, శక్తి’ అన్న మాట, అంచుపై ‘జాతీయ హామీ’ అన్న మాట ఉంటాయి. విలువ కోల్పోయిన కాగితపు అసీన్యాల అనుభవం తాజాగా ఉన్న రోజులవి. ఆ సందర్భంలో వెండి అంచుపై హామీ అన్న మాటకు గల బరువును గ్రహించవచ్చు.

1848 విప్లవం రాచరికాన్ని కూల్చినప్పుడు రెండవ గణతంత్రం ఇదే బొమ్మను తిరిగి తెచ్చింది. ఈసారి చుట్టూ ‘స్వేచ్ఛ, సమానత, సౌభ్రాతృత్వం’. 1870లో రెండవ సామ్రాజ్యం పతనమైనప్పుడు మూడవ గణతంత్రం మళ్లీ అదే అచ్చును ఆశ్రయించి 1878 వరకు ముద్రించింది.

ఈ వరుసలో 1871 అత్యంత విలువైన సంవత్సరం. టంకశాల అక్షరంతో పాటు ఫ్రెంచి నాణేలపై రెండు చిన్న చిహ్నాలు ఉంటాయి. ఒకటి టంకశాల అధిపతిది, రెండవది ప్రధాన ముద్రాశిల్పిది. నాణెపు బరువుకు, వన్నెకు బాధ్యత వహించే అధికారి సంతకాలుగా వీటిని భావించాలి. 1871 నాటి పారిస్ నాణేలపై సాధారణంగా తేనెటీగ, లంగరు కనిపిస్తాయి. తేనెటీగ టంకశాల అధిపతిది, లంగరు ముద్రాశిల్పి అల్బేర్ బార్‌ది. మార్చి 18న పారిస్ ప్రజలు తిరుగుబాటు చేసి కమ్యూన్‌ను నెలకొల్పినప్పుడు టంకశాల బాధ్యత కంచుపని కార్మికుడైన జెఫిరాఁ కమెలినాకు అప్పగింపబడింది. అతడు కొత్త బొమ్మను చెక్కించలేదు. ఉన్న హెర్క్యులిస్ అచ్చులతోనే ఐదు ఫ్రాంకుల నాణేలను ముద్రింపజేశాడు. తేనెటీగ స్థానంలో తన చిహ్నమైన త్రిశూలాన్ని మాత్రం ఉంచాడు.

మే నెలాఖరున కమ్యూన్ రక్తపాతంలో అంతమైంది. దాని నాణేలలో అధికభాగం కరిగింపునకు పోయాయి. మిగిలిన కొద్దిపాటి నాణేలు చూపునకు ఆ సంవత్సరపు ఇతర నాణేలకన్నా భిన్నంగా ఉండవు. అదే ఏడాది బోర్దోలో ‘కే’ అక్షరంతో అదే హెర్క్యులిస్ ముద్రితమైంది. కమ్యూన్ అణచివేత తరువాత పారిస్‌లో తేనెటీగ తిరిగి వచ్చింది. అంటే ఒకే తేదీ, ఒకే బొమ్మ, ఒకే బరువు గల నాణేలలో పరస్పరం యుద్ధం చేసుకొన్న రెండు ప్రభుత్వాలవి ఉన్నాయి. వాటిని వేరుచేసేది త్రిశూలమే. ఆ చిహ్నాన్ని చదవలేని చేతిలో అది మరొక 25 గ్రాముల వెండి. అరుదైన నాణెం కనుక నకిలీలకు కూడా ఆస్కారం ఉన్నది. తేనెటీగను చెరిపి త్రిశూలం చెక్కిన చోట ఉపరితలం చుట్టుపక్కల కన్నా కొద్దిగా పల్లంగానో గరుకుగానో ఉంటుందేమో భూతద్దంతో పరీక్షించాలి.

4. వెండి తరుగుదల

1860ల నుంచి కథ లోహానిది. చిన్న వెండి నాణేలు విదేశాలకు తరలిపోతుండగా, 1864లో ఇరవై, యాభై సెంటీముల నాణేల వన్నెను 900 నుంచి 835కు తగ్గించారు. 1865 డిసెంబరు 23న ఫ్రాన్సు, బెల్జియం, ఇటలీ, స్విట్జర్లాండు కుదుర్చుకొన్న లాటిన్ ద్రవ్య సమాఖ్య ఒప్పందాన్ని అనుసరించి 1866లో ఒకటి, రెండు ఫ్రాంకుల నాణేలకూ అదే తగ్గింపు వర్తించింది. ఐదు ఫ్రాంకుల నాణెం 900 వద్దనే నిలిచింది. జర్మనీ బంగారు ప్రమాణానికి మారిన తరువాత వెండి ధర పడిపోయింది. ఫలితంగా 1876లో ఫ్రాన్సు వెండి ఐదు ఫ్రాంకుల స్వేచ్ఛాముద్రణను నిలిపివేసింది. ఇదే ధరల పతనం 1893లో భారతదేశపు టంకశాలలను ప్రజల వెండికి మూసివేయించింది.

1897–98 నుంచి వచ్చిన ‘విత్తనాలు చల్లే స్త్రీ’ నాణేలు ఓస్కార్ రోతీ సృష్టి. ఉదయసూర్యుని నేపథ్యంలో సంచి భుజాన వేసుకొని నడిచే ఆ రూపం యాభై సెంటీములు, ఒకటి, రెండు ఫ్రాంకుల వెండి నాణేలపై 1920 వరకు సాగింది. ఈ వరుసలో 1914 తేదీ కింద చిన్న ‘సి’ అక్షరం ఉన్న నాణేలు ప్రత్యేకం. పారిస్‌కు యుద్ధప్రమాదం ఏర్పడినప్పుడు నైరుతిలోని కాస్తెల్‌సరాజాఁ పట్టణంలో ముద్రితమైనవి అవి. యుద్ధానంతరం వెండి ధర పెరిగి నాణెపు లోహం విలువ దాని ముఖవిలువను మించడంతో వెండి చెలామణి నుంచి తప్పుకొన్నది. వాణిజ్య మండలుల పేరిట వచ్చిన ఇత్తడి రంగు నాణేలు దాని స్థానాన్ని ఆక్రమించాయి.

1928లో ఫ్రాంకు విలువ పాతదానిలో సుమారు ఐదో వంతుకు స్థిరపడింది. 1929 నుంచి 1939 తేదీ వరకు వచ్చిన త్యురాఁ రూపకల్పనలో పది ఫ్రాంకులు 10 గ్రాములు, ఇరవై ఫ్రాంకులు 20 గ్రాములు. వన్నె 680 మాత్రమే. 1960లో నూరు పాత ఫ్రాంకులకు ఒక కొత్త ఫ్రాంకు వచ్చింది. విత్తనాలు చల్లే స్త్రీ తిరిగి వచ్చిన ఐదు కొత్త ఫ్రాంకుల నాణెం 12 గ్రాములు, 835 వన్నె. 1970 నుంచి అదే బొమ్మతో, అదే 29 మిల్లీమీటర్ల వ్యాసంతో వచ్చిన నాణెంలో వెండి లేదు. బరువు 10 గ్రాములు. 1965 నుంచి 1973 వరకు పది ఫ్రాంకులపై, 1974 నుంచి 1980 వరకు 30 గ్రాముల యాభై ఫ్రాంకులపై హెర్క్యులిస్ మళ్లీ దర్శనమిచ్చాడు.

ఈ అంకెలను ఒకచోట చేర్చితే ఒక శతాబ్దిన్నర ఆర్థికచరిత్ర కనిపిస్తుంది. 1803లో ఒక ఫ్రాంకులో నాలుగున్నర గ్రాముల శుద్ధ వెండి, 1929లో 0.68 గ్రాము, 1960 నాణెంలో, పాత ఫ్రాంకుల లెక్కన, సుమారు 0.02 గ్రాము. 1965 నాటి పది ఫ్రాంకుల హెర్క్యులిస్ బరువు, వన్నె, వ్యాసం జెర్మినాల్ ఐదు ఫ్రాంకులతో సమానం. అంతే వెండికి మొదట ఐదు ఫ్రాంకులు, తరువాత వేయి పాత ఫ్రాంకులు. ద్యుప్రే బొమ్మ ఈ తేడాను దాచింది. విలువను తెలిపే అంకె బయటపెట్టింది.

5. పరీక్ష, భద్రత

సంగ్రాహకునికి కావలసిన పరికరాలు స్వల్పం: గ్రాములో నూరోవంతు చూపే తూకం, వ్యాసం కొలిచే సాధనం, భూతద్దం. బరువు, వ్యాసం సరిపోయిన తరువాత సాంద్రతను చూడాలి. 900 వన్నె వెండి సాంద్రత సుమారు 10.3, 835ది 10.2, 680ది 9.95. నీటిలో తూచి దీనిని నాణేనికి హాని లేకుండా తెలుసుకోవచ్చు. ఆమ్లంతోనో ఆకురాయితోనో పరీక్షించడం సాక్ష్యాన్ని ధ్వంసం చేయడమే. ఫ్రెంచి నాణేలలో బొమ్మ, బొరుసు పరస్పరం తలకిందులుగా ఉంటాయి. నాణేన్ని పైనుంచి కిందికి తిప్పితేనే రెండవవైపు నిటారుగా కనిపించాలి. పక్కకు తిప్పినప్పుడు నిటారుగా కనిపిస్తే విచారణ అవసరం.

ఎక్యూల ఉపరితలంపై సమాంతరమైన సన్నని గీతలు కొన్నిసార్లు ఉంటాయి. ముద్రణకు ముందు బిళ్ల బరువును సరిచేయడానికి ఆకురాయితో గీసిన జాడలవి. ఇవి లోపాలు కావు. టంకశాల తూకం పాటించిందనడానికి ఆధారాలు. అంచున కొక్కెం అతికి తీసిన మచ్చ, పూడ్చిన రంధ్రం మాత్రం ఆభరణంగా వాడిన గుర్తులు. వాటివల్ల వెల తగ్గినా, నాణెం ఎవరి చేతుల మీదుగా సాగిందో చెప్పే సమాచారం వాటిలో ఉన్నది. ఇక చింతపండుతోనో పొడితోనో తోమి మెరిపించిన నాణెం శాశ్వతంగా నష్టపోతుంది. కాలం అద్దిన నల్లని పొరతో పాటు చిన్న చిహ్నాల అంచులు కూడా అరిగిపోతాయి. తోమిన నాణెంపై త్రిశూలానికీ తేనెటీగకూ తేడా మిగలకపోవచ్చు.

6. తెలుగు నేలపై ‘ఫ్రెంచి’ వెండి

యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్నది కనుక అక్కడ ఫ్రాంకులు చెలామణి అయి ఉంటాయని ఊహించడం సహజం. వాస్తవం వేరు. భారతదేశంలోని ఫ్రెంచి స్థావరాలలో నిత్యవ్యవహారపు ప్రధాన ద్రవ్యం రూపాయి. ఫ్రెంచి కంపెనీ ఓడలు వెండిని ఎక్కువగా స్పానిష్ పియాస్త్రులుగా తెచ్చేవి. 1736లో ఆర్కాటు నవాబు దోస్త్ అలీఖాన్ నుంచి రూపాయలు ముద్రించే హక్కు పొందిన తరువాత ఆ వెండి పుదుచ్చేరి టంకశాలలో రూపాయలుగా మారింది. వాటిపై మొగలు చక్రవర్తి పేరు, పారశీక లిపి, ఆర్కాటు టంకశాల నామం ఉంటాయి; ఫ్రెంచి మాట ఒక్కటీ ఉండదు. నెలవంక గుర్తు వాటిని ఫ్రెంచివారివిగా చూపుతుంది. ఆంగ్లేయుల ఆర్కాటు రూపాయలకు తామర గుర్తు. 1750 నుంచి 1759 వరకు మచిలీపట్నం ఫ్రెంచివారి అధీనంలో ఉన్న కాలంలో అక్కడ కూడా మొగలు చక్రవర్తుల పేరిట రూపాయలు ముద్రితమయ్యాయి. ఫ్రెంచి కిరీటం గల చిన్న వెండి నాణెం పుదుచ్చేరిలో ‘ఫనోఁ’ అన్న పేరుతో చెలామణి అయింది. ఆ పేరు మన పణమే.

కాబట్టి గోదావరి, కృష్ణా తీరాల కుటుంబాలలో లభించే నాణేల విషయంలో రెండు నిర్ధారణలూ తారుమారు కాగలవు. పారశీక అక్షరాలు చూసి మొగలుదో నవాబుదో అని పక్కన పెట్టిన రూపాయి ఫ్రెంచి కంపెనీది కావచ్చు. హెర్క్యులిస్ బొమ్మ గల నాణెం స్థానిక చెలామణికి ఆధారం కాకపోవచ్చు. ప్రయాణికుడో సిపాయో వెంట తెచ్చినది కావచ్చు. ఈ రెండింటినీ తేల్చేది మళ్లీ చిన్న గుర్తులు, బరువు, లభించిన చోటుకు సంబంధించిన కథనమే.

ముగింపు

ఫ్రెంచి వెండి నాణేలపై పెద్దగా కనిపించేది పాలకులు చెప్పదలచుకొన్న మాట. చిన్నగా కనిపించేది టంకశాలలోని మనుషులు బాధ్యతగా వదిలిన గుర్తు. మొదటిదానికి కొనసాగింపు అవసరం గనుక అది పాత రూపాలను పదేపదే ధరించింది. రెండవదానికి జవాబుదారీతనం అవసరం గనుక అది ప్రతి మార్పునూ నమోదు చేసింది. గుర్తింపు పద్ధతి ఈ రెండవ సాక్ష్యం నుంచి మొదలుకావాలి: బరువు, వ్యాసం, తేదీ, అక్షరం, చిహ్నాలు, అంచు, ఆ తరువాతనే బొమ్మ.

వెండి ధర పెరిగిన ప్రతిసారీ పాత నాణేలు మూసకు చేరుతాయి. కరిగిన లోహం బరువు నిలుస్తుంది, చరిత్ర నిలవదు. మన ప్రాంతంలోని కుటుంబాల పెట్టెలలో, చిన్న ప్రదర్శనశాలలలో ఉన్న విదేశీ నాణేలను కనీసం ఈ ఏడు అంశాలతో, అవి లభించిన తీరుతో నమోదు చేయడం తక్షణ కర్తవ్యం. దానికి భాషా, చరిత్ర విభాగాల పరిశోధకులు సంసిద్ధులు. శాసనాలను చదివే శిక్షణ వారికి ఇప్పటికే ఉన్నది.